ఇంటికారే పందెపుకారు

ఒంగోలు, నరసరావుపేట సీమల పల్లెలలో ఒంటి జత ఎడ్లు గల రైతు వాటినే దుక్కికి కట్టును. వాటినే బండికి కట్టి ఆలుబిడ్డలను తిరునాళ్లకు తీసికొనిపోవును. పండుగ వచ్చినంతనే వాటి కొమ్ములకు రంగులద్ది, మెడలో గంటలు కట్టి, బండలాగుడు పందెమునకు తోలును. రెండు మూడు జతలు గల ఆసామి మాత్రము పందెపు ఎడ్లను వేరుగా మేపి, వాటి మెడపై కాడి మోపక, ఏడాదికొక పర్యాయము వాటి బలమును లోకమునకు చూపును. ఈ రెంటిలో ఏది ఘనమని అడిగినచో ఊరి పెద్దలు తలకొక మాట చెప్పుదురు గాని, నాకు మాత్రము ఒంటి జత రైతు ఎడ్లపైననే మక్కువ. ఏలయన నిన్న పొలములో అలసిన కాళ్లే నేడు పందెములో నిలిచినవని చూచువారికందరికిని తెలియును. మోటారుకార్ల చరిత్రలోను ఇట్టి ఒంటి జత కథ యొకటి కలదు. నాలుగు తలుపులును, వెనుక సీటున పిల్లలును, డిక్కీనిండ సామానును గల సెడాన్‌కారు, ఆదివారమునాడు పందెపు బాటపై గెలుపుగుర్రమగుట యెట్లు సంభవించెనో చెప్పు కథ యది. అది సంపన్నుల విలాసమువలన పుట్టినదని సామాన్యముగా తలంతురు. పేదరికమే దానికి తల్లి యని నా నమ్మకము.

కారు పుట్టిన తరువాత దాదాపు అర్ధశతాబ్దము దాక వేగమునకు వేరు బండియు సంసారమునకు వేరు బండియు ఉండవలెననుట అందరికిని సమ్మతమైన విషయముగనే ఉండెను. వేగము కోరువాడు రెండే ఆసనములు గలిగి, పైకప్పు లేక, గాలియు దుమ్మును ముఖమున కొట్టు బండిని కొనెడివాడు. ఇంటిల్లిపాదిని తీసికొనిపోవువాడు ఎత్తైన పైకప్పును, మెత్తని దిండ్లును గల గదివంటి బండిని కొనెడివాడు. రెంటిని కొనగల శ్రీమంతునకు ఈ భేదము బాధ కాలేదు. కొనలేనివానికి కారే లేదు గనుక వానికిని బాధ కాలేదు.

ఈ భేదమును చెరిపివేసిన ఘనత ఒక్కరిది కాదు. అయినను ఎక్కడనో యొకచోట కథ మొదలుపెట్టక తప్పదు గనుక, ఇటలీదేశమున మిలాను నగరమందలి పోర్తెల్లో కర్మాగారముకడ మొదలుపెట్టుట న్యాయము. 1910లో స్థాపితమై, 1915లో నికోలా రోమియో అను ఇంజనీరు చేతికి వచ్చి, ఆల్ఫా రోమియో అను పేరు దాల్చిన ఆ సంస్థ, రెండు ప్రపంచయుద్ధముల నడుమ పందెపు కార్లకు పెట్టినది పేరు. తాజియో నువోలారి వంటి సారథి 1930లో వేయి మైళ్ల పందెమైన మిల్లే మిలియాను గెలిచినది ఆల్ఫా కారుతోనే. కాని ఆ కీర్తి కడుపు నింపలేదు. కర్మాగారము ఛాసిస్‌ను ఇంజనును మాత్రము చేసి ఇచ్చుట, జగాటో, తూరింగ్ మొదలగు శిల్పిశాలలవారు దానిపై శరీరమును చేతితో మలచుట, ఎవరో యొక దొర దానిని కొనుట, ఇదియే అప్పటి వ్యాపారము. అట్టి వ్యాపారము నిలువదు గనుకనే 1933లో ఇటలీ ప్రభుత్వపు సంస్థయైన ఐ.ఆర్.ఐ. దానిని తన యధీనములోనికి తీసికొనవలసివచ్చెను.

తరువాత యుద్ధము వచ్చెను. పోర్తెల్లోపై బాంబులు పడెను. ఆల్ఫావారి ప్రాణమువంటి 158 అను పందెపు కార్లను మిలాను సమీపమున ఒక జున్ను కర్మాగారములో దాచి కాపాడిరి. యుద్ధము ముగిసిన తొలి దినములలో, నువోలారి కార్లను చేసిన ఆ చేతులే వంటపొయ్యిలను, కిటికీ తలుపులను చేసి పూట గడుపుకొనవలసివచ్చెను. కొనువాడు లేని కాలములో ఎంతటి శిల్పికైనను వంటింటి పనియే గతియగుట సిగ్గుపడవలసిన విషయము కాదు. పొయ్యిలు చేసి బ్రతికినవారు గనుకనే పిమ్మట కార్లు చేయగలిగిరి. దేశమున ధనికులు తగ్గిరి. ఉన్న వైద్యుడు, న్యాయవాది, వర్తకుడు, చిన్న కర్మాగారపు యజమాని, వీరిలో ప్రతివాడును కొనగలిగినది ఒక్క కారు. ఆ ఒక్క కారే పిల్లలను బడికి చేర్చవలెను, అత్తవారింటికి పోవలెను, కొండదారి ఎక్కవలెను. మనసున మిగిలియున్న కాస్త కోరికను కూడ అదియే తీర్చవలెను. ఈ యవసరమును కనిపెట్టి, ఓరాజియో సట్టా పులీగా అను ఇంజనీరు రూపకల్పన చేసినదే 1950లో వెలువడిన ఆల్ఫా రోమియో 1900.

ఆ కారు విశేషమును కొంచెము నిదానించి చెప్పవలెను. అంతవరకు ఆల్ఫా కారనగా క్రింద రెండు ఇనుపదూలములతో కూడిన ఛాసిస్‌, దానిపై బిగించిన పైభాగము. ఎంత మంచి మరలు బిగించినను ఆ రెంటి నడుమ సడలింపు తప్పదు. మలుపున ఒకటి యొకవైపు పోవలెనని చూడగా రెండవది కొంచెము వెనుకాడును. 1900లో ఛాసిస్‌ అను వేరు వస్తువే లేదు. నేల, గోడలు, పైకప్పు కలిసి ఒకే పెట్టె; ఆ పెట్టెయే కారు. అందువలన బరువు తగ్గెను, బిగువు పెరిగెను, వరుసగా నిలిపి వేలకొలది చేయుటయు సాధ్యమయ్యెను. ఆల్ఫావారు వేరు ఛాసిస్‌ లేకుండ అమ్మకమునకు చేసిన మొదటి కారు ఇదియే. పూర్తిగా అసెంబ్లీ లైనుపై చేసిన మొదటి కారును ఇదియే. ఇంజను మాత్రము నాలుగు సిలిండర్లదే, 1,884 ఘన సెంటీమీటర్లదే. కాని దాని తలపై రెండు క్యామ్‌షాఫ్టులు తిరుగుచుండెను. ఒకటి గాలిని లోనికి రానిచ్చు వాల్వులకు, రెండవది పొగను వెలికి పంపు వాల్వులకు. పందెపు ఇంజనులకే తగినదని తలచిన ఈ యేర్పాటును ఇంటికారునందు పెట్టుటలోనే సట్టా సాహసము కనబడుచున్నది. ఊపిరి బాగుగ ఆడు ఇంజను పైవేగములో అలయదు. గేరు కర్రను స్టీరింగు ప్రక్కకు జరిపి, ముందు సీటును బల్లవలె ఒకే పరుపుగా వేసిరి గనుక ముందు సీటునను ముగ్గురు కూర్చుండవచ్చును.

అదే 1950లో జున్ను కర్మాగారము నుండి బయటపడిన 158తో జుసెప్పె ఫారీనా మొట్టమొదటి ఫార్ములా ఒన్ ప్రపంచవిజేత అయ్యెను. మరుసటి సంవత్సరము దాని తమ్ముడైన 159తో ఫాంజియో గెలిచెను. రెండు కిరీటములు ధరించి, ఆల్ఫావారు ఆ రంగమునుండి తప్పుకొనిరి. ఆ నడుమనే చేసిన మరొక పని యేమనగా, 1951లో 1900కు టి.ఐ. అను 100 అశ్వశక్తుల రూపమును తెచ్చుట, టి.ఐ. యనగా అంతర్జాతీయ టూరింగు పందెములకు తగినదని యర్థము. కుటుంబము కొరకు చేసిన ఈ కారు పందెములను గెలుచునని వారు ప్రకటనలలో చాటిరి. చాటినది నిజమని సిసిలీ ద్వీపమందలి టార్గా ఫ్లోరియో వంటి కొండదారి పందెములు ఋజువు చేసెను. నా దృష్టిలో ఫాంజియో కిరీటముకన్న ఆ ప్రకటనయే చరిత్రలో పెద్ద సంఘటన. కిరీటము ఏటేట చేతులు మారును. ఇంటి యజమానికి వేగముపై హక్కు కలదను మాట మాత్రము అంతకుముందు ఏ కర్మాగారమును అంత ధైర్యముగ పలుకలేదు. ఇటలీ పోలీసులును ఈ గుణమును వెంటనే గ్రహించి 1900లను తమ గస్తీకి తీసికొనిరి. నల్లరంగు వేసిన ఆ బండ్లను జనులు పాంతేరా, అనగా చిరుత యని పిలిచిరి.

ఈ మార్గమున పరిణతి పొందిన ఫలము 1962 జూన్ 27వ తేదీన మోంజాలో ఆవిష్కృతమైన జూలియా. చూచుటకది చెక్కపెట్టెవలె నుండును. తోక నిలువుగ కోసివేసినట్లుండును. కాని గాలి పరీక్షలో దాని నిరోధగుణకము 0.34 అని తేలెను. చూపునకు దానికన్న నునుపుగ నుండు కార్లెన్నో ఈ లెక్కలో దానివెనుక నిలిచినవి. టి.ఐ. రూపమున 1,570 ఘన సెంటీమీటర్ల ఇంజను, 92 అశ్వశక్తులు, అయిదు గేర్లు, సుమారు వేయి కిలోల బరువు. ఇల్లాలు సంతకు తీసికొనిపోవు కారునకు అయిదు గేర్లుండుట ఆ కాలమున అరుదు. జూలియాను నడిపినవారు దాని వేగమునుగూర్చి తక్కువగను, దాని మాట వినుటనుగూర్చి ఎక్కువగను చెప్పుదురు. ఆ మెప్పే సరియైన మెప్పు.

మిలానునుండి ఆల్ప్స్ పర్వతములు దాటినచో మ్యూనిక్. అక్కడి బి.ఎం.డబ్ల్యూ. కథ ఇంతకన్న కరుణమైనది. యుద్ధానంతరము ఐజెనాక్‌లోని కార్ల కర్మాగారము సోవియట్ మండలములో చిక్కుకొనిపోయెను. మిగిలిన సంస్థ 1950లలో ఒకవంక శ్రీమంతులకు భారీ వి-8 కార్లను, మరొకవంక ముందు తలుపు తెరచి ఎక్కు ఇసెట్టా అను గుడ్డువంటి బుల్లికారును చేయుచుండెను. నడుమనున్న సంసారికి అమ్ముటకు తగిన కారు వారికడ లేకపోయెను. 1959 డిసెంబరు 9న జరిగిన వాటాదారుల సభలో సంస్థ డైమ్లర్ బెంజ్ చేతికి పోవునట్లే కనబడెను. అప్పుడు చిన్న వాటాదారులును, కార్లమ్ము డీలర్లును లేచి ఎదురు నిలిచిరి. వారి పక్షమున ఫ్రెడరిక్ మాథర్న్ అను న్యాయవాది లెక్కలు విప్పి, 700 అను కొత్తకారు రూపకల్పనకైన ఖర్చునంతను ఒక్క సంవత్సరపు పద్దులోనే వ్రాసిరని చూపి, సభను వాయిదా వేయించెను. అందుకు కావలసినది పదింట ఒక వంతు ఓట్లు మాత్రమే. ఆ ఒక్క దినపు పట్టుదలయే బి.ఎం.డబ్ల్యూ. అను పేరును నిలిపినది. తరువాత, కంటిచూపు బాగుగ లేని హెర్బర్ట్ క్వాంట్ తన ధనమును ఆ సంస్థలో పెట్టెను. 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున 1500 అను నాలుగు తలుపుల సెడాన్ వెలుగు చూచెను.

సెడానును చురుకుగ చేయుటలోని కష్టమేమో ఇచ్చట చెప్పుట మంచిది. వెనుక సీటున కూర్చున్న ముదుసలికి స్ప్రింగు మెత్తగ నుండవలెను. మలుపు తిరుగు సారథికి అది గట్టిగ నుండవలెను. వెనుక చక్రములు రెండును మన ఎడ్లబండివలె ఒకే యిరుసుకు బిగించియున్నచో, ఎడమచక్రము గుంటలో పడినంతనే కుడిచక్రమును ఒరగును. 1500లో వెనుక చక్రములకు వేరువేరుగ చేతులమర్చి, దేని గతుకు దానిదేయగునట్లు చేసిరి. అందువలన స్ప్రింగు మెత్తగ నున్నను చక్రము నేలను వదలదు. ముదుసలియు సుఖించును, సారథియు సుఖించును. దాని ఇంజనును రచించిన అలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హౌజెన్ స్వయముగ పందెగాడు. యజమాన్యము చిన్న ఇంజనును కోరగా, రేపు పెంచుకొనుటకు వీలుండవలెనని పట్టుబట్టి, దాని దిమ్మను రెండు లీటర్ల దాక పెరుగునట్లు పోతపోయించెను. ఆ ముందుచూపు ఫలితము వినుడు: సంసారుల కారు కొరకు పోసిన ఆ దిమ్మ ఆధారముగనే చేసిన టర్బో ఇంజనుతో 1983లో నెల్సన్ పికే ఫార్ములా ఒన్ ప్రపంచవిజేత అయ్యెను. ఆల్ఫా పందెమునుండి ఇంటికి వచ్చెను. ఇది ఇంటినుండి పందెమునకు పోయెను.

1500 వెంట 1800, దాని వెంట 110 అశ్వశక్తుల 1800 టి.ఐ. వచ్చెను. 130 అశ్వశక్తుల టి.ఐ.ఎస్.ఏ. యను రూపమును 200 మాత్రమే చేసి, పందెపు లైసెన్సు గలవారికే యమ్మిరి. 1966లో హూబర్ట్ హానె 2000 టి.ఐ.తో, ఇరువది రెండు కిలోమీటర్లకు మించిన నూర్బుర్గ్‌రింగ్ కొండబాటను పది నిమిషములలోపుగ చుట్టివచ్చెను. టూరింగు కారు అంతవరకు ఆ గీతను దాటలేదు.

ఈ కథలో నాకు మిక్కిలి ప్రీతియైన ఘట్టము వేరొకటి. అదే కాలమున బి.ఎం.డబ్ల్యూ.వారు చిన్న కుటుంబములకు 1600 అను రెండు తలుపుల సెడానును అమ్ముచుండిరి. ఫాల్కెన్‌హౌజెన్ తన సొంత వాడుకకు తీసికొన్న 1600లో రెండు లీటర్ల ఇంజనును పెట్టించుకొనెను. సంస్థలో ప్రణాళికల అధికారియైన హెల్ముట్ బోన్ష్ కూడ, ఈ సంగతి తెలియకయే, తన కారునకట్లే చేయించుకొనెను. రెండు కార్లును వర్క్‌షాపులో కలిసినప్పుడు గాని ఒకరి రహస్య మొకరికి తెలియలేదు. తాము కోరినది లోకమును కోరునని ఇద్దరును ఏకమై యజమాన్యమునకు చెప్పగా, 1968లో 2002 అను కారు వెలువడి అమెరికాలోను ఆ సంస్థకు పేరు తెచ్చెను. అమ్మకపు లెక్కలు చూచి చేసిన వస్తువు వేరు; చేసినవాడు తనకని చేసికొన్న వస్తువు వేరు. 2002లో ఆ తేడా ఇప్పటికిని కనబడును.

ఇంగ్లాండులో 1959నాటి జాగ్వార్ మార్క్ 2, 1963నాటి లోటస్ కార్టినా ఇదే బాట నడచినవి. జపానుమాట మాత్రము విడువరాదు. 1964లో సుజుకాలో జరిగిన రెండవ జపాన్ గ్రాండ్ ప్రి కొరకు ప్రిన్స్ సంస్థవారు, సకురాయి షినిచిరో అను ఇంజనీరు నాయకత్వమున, స్కైలైన్ అను నాలుగు సిలిండర్ల ఇంటికారు ముక్కును 200 మిల్లీమీటర్లు పొడిగించి, అందులో పెద్దకారైన గ్లోరియా యొక్క ఆరు సిలిండర్ల ఇంజనును కూర్చిరి. ఆ పందెమున జర్మనీనుండి వచ్చిన పోర్షె 904ను ఇకుజావా తెత్సు నడిపిన స్కైలైన్ ఒక్క చుట్టు మాత్రము వెనుకకు నెట్టెను. ఒక్క చుట్టే. గెలిచినది పోర్షెయే. అయినను జపాను జనులకు ఆ ఒక్క చుట్టు చాలెను. 1966లో ప్రిన్స్ నిస్సాన్‌లో కలిసినను స్కైలైన్ చావలేదు; 1969లో జి.టి.-ఆర్. అను పేరుతో మొదట వెలువడినది నాలుగు తలుపుల సెడానే.

ధనము పెరిగిన కాలమున ఈ కళ రూపు మారెను. 1968లో మెర్సిడెస్‌వారు, ఎరిక్ వాక్సెన్‌బెర్గర్ అను ఇంజనీరు పూనికవలన, రాజులకు చేసిన 600 కారులోని 6.3 లీటర్ల ఇంజనును 300 ఎస్.ఇ.ఎల్.లో అమర్చిరి. 1985లో బి.ఎం.డబ్ల్యూ. పందెపు శాఖవారు, ఎం-1 అను పందెపుజాతి కారునకు పుట్టిన ఆరు సిలిండర్ల ఇంజనును సాధారణమైన 5 సిరీస్ సెడానులో పెట్టి, ఎం-5 అని పేరు పెట్టిరి. 286 అశ్వశక్తులు గల ఆ కారు ప్రక్కనుండి పోవుచున్నను గుమాస్తా కారో వేగపు కారో గుర్తుపట్టుట కష్టము. ఈ యణకువయే దాని సౌందర్యము. 1990లో మెర్సిడెస్ 500 ఇ వచ్చినప్పుడు దానిని కూర్చుటలో పోర్షెవారు చేయి కలిపిరి. కాని పెద్ద ఇంజను బలమును మోయుటకు వెనుక పెద్ద డిఫరెన్షియలు కావలసివచ్చి, వెనుక నడిమి సీటు తీసివేయవలసివచ్చెను. అయిదుగురి కారు నలుగురి కారయ్యెను. శక్తికొరకు కుటుంబములో ఒకరిని దింపివేసిన క్షణము అదియే యని నేననుకొందును. నేటి ఎం-5, 2024లో వచ్చినది, పెట్రోలును విద్యుత్తును కలిపి 727 అశ్వశక్తులు గలది. దాని బరువు 2,400 కిలోలకు మించును. వేయి కిలోల జూలియాలు రెంటిని పేర్చినను ఆ తూకమునకు చాలవు. అద్భుతమైన యంత్రమే, కాదనను; కాని అది పలు జతలు గల ఆసామి పందెపు ఎద్దు.

మనదేశమున ఒంటి జత కాలము చాల దీర్ఘముగ సాగెను. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ సంస్థ చేసిన ఫియట్ 1100, పిమ్మట పద్మిని యను పేరు దాల్చిన కారు, మన పట్టణములందు ఎన్నో ఇండ్లకు ఏకైక వాహనము. స్టీరింగు ప్రక్కన గేరు, ముందు పొడుగు సీటు, 1,089 ఘన సెంటీమీటర్ల ఇంజను. 1953లో ఇటలీలో పుట్టిన 1100 కుటుంబమునకు ఆనాడే టి.వి. యను వేగపు రూపముండెను. కావున పద్మిని నెత్తురులో పందెము పూర్తిగ లేకపోలేదు. మదరాసునుండి నెల్లూరికి పోవు బాటపైననే యున్న షోలవరము విమానపు బాటపై జరిగిన పందెములలో, మెరుగులు దిద్దిన ఫియట్లు ఏటేట పరుగెత్తెను. తరువాత చాలకాలమునకు, 2004లో, స్కోడావారు 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజనుతో 150 అశ్వశక్తుల ఆక్టేవియా ఆర్.ఎస్.ను ఇక్కడ అమ్మిరి. వెనుక తలుపు అద్దముతో సహా పైకి లేచునది, బియ్యపు బస్తాలు పట్టునది, అయినను ఘాట్‌రోడ్డుపై చిరుతవలె ఎక్కునది. ఒక్క కారుతో ఇల్లు గడుపుచు వేగముపై ఆశ చంపుకొననివారు దానిని కొనిరి. నేటికిని కొందరు దానిని విడువలేదు.

షోలవరపు రోజుల జ్ఞాపకములు మ్యూజియములలో కంటె మన యిండ్లలోనే ఎక్కువగ నున్నవి. మీ యింట పాత ఫియట్ ముందు నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రములు గాని, పందెములో పాల్గొన్న కారు రిజిస్ట్రేషను కాగితములు గాని, వర్క్‌షాపు బిల్లులు గాని ఉన్నచో వాటిని చిత్తుకాగితములలో కలిపి తూకమునకు వేయకుడు. ఛాయాచిత్రము వెనుక తేదీని, కారు నంబరును, నడిపినవారి పేరును నేడే వ్రాసి దాచుడు.